అమ్మమ్మ ముగ్గుని ఏఐ గుర్తుపడుతుందా?



ఇవాళ్టి టైటిల్ చూసి ‘ముగ్గుకీ ఏఐకీ ఏం సంబంధం బాబూ’ అనుకుని ఉంటారు. మొన్నటిదాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నా ఫోన్లో ఉన్న ఒక పాత ఫోటో వల్ల ఈ రెండూ నాకు ఒకేచోట తగిలాయి. కాబట్టి ముందు ఆ ఫోటో సంగతి చెప్తాను, తర్వాత అసలు విషయంలోకి వెళ్దాం.

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర. ఒక సంక్రాంతికి మా మావయ్య కొత్త స్కూటర్ కొన్నాడు. దాన్ని ఇంటి ముందు నిలబెట్టి నేను ఫోటో తీశాను. తీసింది స్కూటర్‌ని. దాని పక్కన, కొంచెం దాని కింద, ఆ పొద్దున అమ్మమ్మ వేసిన ముగ్గు ఉంది. దాని వంక నేను చూడనుకూడా చూడలేదు. ముందు టైరు సరిగ్గా ముగ్గు అంచు మీదే ఉంది. గుమ్మంలోంచి అమ్మమ్మ ‘చూసి పెట్టుకోండర్రా, ముగ్గంతా తొక్కేశారు’ అని కేకేసిన మాట మాత్రం నాకు బాగా గుర్తు.

అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ జీవితంలో ఎన్ని వేల ముగ్గులు వేసి ఉంటుందో! రోజూ పొద్దున్నే వేసేది, మర్నాడు పొద్దున్నే ఊడ్చేసి మళ్ళీ వేసేది. అందులో మా దగ్గర మిగిలింది ఆ ఫోటోలో ఉన్న ఒక్కటే. అదీ స్కూటర్ పుణ్యమా అని.

ఈ మధ్య మా చెల్లి పెళ్ళి కుదిరింది. కార్డు మీద వినాయకుడి బొమ్మ కింద అమ్మమ్మ ముగ్గు ఉంటే బాగుంటుందని చెల్లి అడిగింది. ‘అదెంతసేపు, ఏఐకి ఇస్తే రెండు నిమిషాల్లో గీసిస్తుంది’ అన్నాను. ఫోటో అప్‌లోడ్ చేసి, ఇదేంటో చెప్పమని ఒక యాప్‌ని అడిగాను. ‘ఇది రంగోలి, దక్షిణ భారత సంప్రదాయ కళ, 5 వరుసల్లో వరుసకి 5 చుక్కలు ఉన్నాయి’ అని చెప్పింది. ఎక్కడా తడబాటు లేదు. శుభ్రంగా మళ్ళీ గీసి పెట్టమన్నాను. గీసింది. టైరు కింద పోయిన చోట తనకి తోచినట్టు పూరించేసింది. బంగారు రంగు, మూలల్లో తామరపూలు, చూడ్డానికి భలే ఉంది.

తీసుకెళ్ళి అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ స్క్రీన్ మీద వేలితో గీత వెంబడి వెళ్ళింది. సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. ‘బాగుంది కానీ, ఇది అమ్మ ముగ్గు కాదురా. ఈ గీత ఎటూ పోవట్లేదు చూడు. అమ్మది ఒకటే గీత కదా’ అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను నాలుగు రోజులు కూర్చున్నాను. ఈ ఎపిసోడ్ అంతా ఆ నాలుగు రోజుల్లో నాకు అర్థమైంది.

యంత్రం ఎలా చూస్తుంది?

ఫోన్లో ఉన్న ఏఐ ఒక బొమ్మని గుర్తుపట్టడం అంటే ఏంటో ముందు సింపుల్‌గా చెప్పుకుందాం. ఫోటో అంటే యంత్రానికి అంకెల పట్టిక, అంతే. ఒక్కో పిక్సెల్‌కి రంగు ఎంత, వెలుగు ఎంత అని అంకెలు. లక్షల ఫోటోలు చూపించి, ఒక్కోదాని మీద ‘ఇది పిల్లి’, ‘ఇది చెట్టు’, ‘ఇది రంగోలి’ అని లేబుల్ పెట్టి ట్రైనింగ్ ఇస్తారు. ఆ అంకెల్లో అది ముందు చిన్న చిన్న అంచుల్ని పట్టుకోవడం నేర్చుకుంటుంది. తర్వాత వంపులు, ఆ తర్వాత వంపులన్నీ కలిస్తే వచ్చే ఆకారాలు. చివరికి ‘ఇలాంటి ఆకారాలు ఉంటే దీని మీద ఫలానా లేబుల్ ఉండేది’ అని అంచనా వేస్తుంది.

గమనించారా, దానికి తెలిసింది లేబుల్. మనం ఏ పేరు పెట్టి ఇస్తే అదే దానికి లోకం.

ఇక్కడే మొదటి చిక్కు. మనం ముగ్గు అంటాం. తమిళనాడులో కోలం. కర్ణాటకలో రంగోలి, రంగవల్లి. బెంగాల్లో అల్పన, బీహార్‌లో మిథిల వైపు అరిపన్, ఒడిశాలో ఝోటి, రాజస్థాన్‌లో మాండణ. ఒక్కోదాని పద్ధతి వేరు. కొన్ని పొడి పిండితో వేస్తారు, కొన్ని నీళ్ళలో కలిపిన పిండితో వేస్తారు. కొన్నిటికి చుక్కలుంటాయి, కొన్నిటికి ఉండవు. అన్నిటినీ ‘రంగోలి’ అనే ఒకే డబ్బాలో పడేస్తే, యంత్రం దృష్టిలో అవన్నీ ఒకటే.

మన ఇంట్లో మాత్రం ఎన్ని రకాలు! చుక్కలు కలిపే గీతల ముగ్గు. చుక్కల్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగే మెలికల ముగ్గు. కనుమకి వేసే రథం ముగ్గు. దాని తాడుని పక్కింటి ముగ్గు దాకా లాగి కలుపుతారు, వాళ్ళు ఆ పక్కింటికి, అలా వీధి వీధంతా ఒకే ముగ్గయిపోతుంది. ఆ ఫోటో ఒకటి తీసి ఏఐకి ఇస్తే రథం బొమ్మ దొరుకుతుంది. పక్కింటి వాళ్ళతో కలిపే ఆ తాడు ఎందుకుందో దానికి తెలియాలంటే, మనమే రాసి చెప్పాలి.

యంత్రం గీసింది ఎందుకు తప్పింది?

బొమ్మలు గీసే ఏఐ ఉంది కదా, అది ఇంకో రకంగా పనిచేస్తుంది. ఒక మంచి ఫోటో మీద కొంచెం కొంచెంగా చుక్కల గోల జల్లుకుంటూ పోతే, చివరికి పాత టీవీలో సిగ్నల్ పోయినట్టు తయారవుతుంది. ఆ గోలని వెనక్కి తీసెయ్యడం ఎలాగో దానికి నేర్పిస్తారు. మనం ‘ముగ్గు’ అని అడిగితే, ఉత్త గోలతో మొదలుపెట్టి, ముగ్గులాగా కనిపించేదాకా శుభ్రం చేసుకుంటూ వస్తుంది.

‘ముగ్గులాగా కనిపించడం’ దాని పని. చుక్కలు లెక్కపెట్టడం దాని పని కాదు. గీత ఎక్కడ మొదలైంది, ఎటు తిరిగింది, మళ్ళీ మొదటికి వచ్చిందా అన్నది అది ఎక్కడా చూసుకోదు. అందుకే దూరం నుంచి చూస్తే అద్భుతంగా ఉంటుంది. అమ్మలాగా వేలు పెట్టి వెళ్తే చాలాసార్లు ఎక్కడో ఒకచోట గీత గాల్లో ఆగిపోతుంది.

అమ్మమ్మ పని దీనికి పూర్తిగా ఉల్టా. ఆవిడకి ముందు లెక్క. కళ్ళాపి చల్లి, చిటికెడు పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ముందు చుక్కలు పెట్టేది. చుక్కలు కుదిరాకే గీత. అందం చివర్లో దానంతట అదే వచ్చేది.

ముగ్గుకీ వ్యాకరణం ఉంది

ఇప్పుడు నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం చెప్తాను. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు ముగ్గుల్ని పట్టించుకోవడం ఇప్పుడు ఏఐతో మొదలైంది కాదు. 1974లోనే గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్ అనే ముగ్గురు కోలం మీద ఒక రీసెర్చ్ పేపర్ రాశారు. గిఫ్ట్ శిరోమణి గారు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసేవారు. వాక్యాలు పుట్టించడానికి భాషకి వ్యాకరణం ఎలా ఉంటుందో, అలాంటి సూత్రాలే పెట్టి కోలాల్ని పుట్టించవచ్చని చూపించారు. చిన్న సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ వాడితే చిన్న కోలం పెద్దదవుతుంది. అంటే వాళ్ళు చూసింది బొమ్మని కాదు, బొమ్మ వెనకున్న పద్ధతిని.

నిజానికి ఈ సంగతి మన ఆడవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. సంక్రాంతి వస్తే తెలుగు వారపత్రికల్లో ముగ్గులు వేసేవారు కదా, ఆ పాత కట్టలు దొరికితే చూడండి. ముగ్గు కింద ఒక్క ముక్క ఉంటుంది. ‘15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క’. అంతే. తెలిసినవాళ్ళకి అది చాలు. మధ్య వరుసలో 15 పెట్టాలి. పైకీ కిందకీ ఒక్కోటి తగ్గిస్తూ 8 దాకా వెళ్ళాలి. ‘సందు’ అంటే పై వరుసలో రెండు చుక్కల సందులోకి కింది చుక్క రావాలి. మొత్తం 15 వరుసలు, 169 చుక్కలు, ఒక్క లైన్లో చెప్పేశారు. మనం ఇవాళ డేటా, కోడ్ అంటున్నది ఇంకేంటి చెప్పండి?

సరే, ఇప్పుడు కాగితం పెన్ను తీసుకోండి. ఒక చిన్న ఆట ఆడదాం. ఏఐ చెప్పింది తప్పని నాకు ఎలా తెలిసిందో ఈ ఆటతోనే చెప్తాను.

మామూలు మెలికల ముగ్గు వేద్దాం. చుక్కలు ఒకదాని కింద ఒకటి తిన్నగా ఉండాలి. గీత చుక్కల మధ్యలోంచి ఏటవాలుగా వెళ్ళాలి, అంచుకి రాగానే ఆ చివరి చుక్కని చుట్టి మళ్ళీ లోపలికి రావాలి. పక్కపక్కనున్న ప్రతి రెండు చుక్కల మధ్యా గీతలు ఒకదాన్నొకటి దాటాలి. ముందు 3 వరుసలు, వరుసకి 3 చుక్కలు పెట్టి వెయ్యండి. చెయ్యెత్తకుండా వేస్తే మొదలుపెట్టిన చోటికి వచ్చేస్తారు, కానీ ముగ్గు ఇంకా పూర్తవ్వదు. ఇంకో గీత మొదలుపెట్టాలి, అదీ అయ్యాక ఇంకోటి. మొత్తం 3 గీతలు పడతాయి. ఇప్పుడు 3 వరుసలు, వరుసకి 4 చుక్కలు పెట్టండి. ఈసారి ఒకే గీత! చెయ్యెత్తకుండా అన్ని చుక్కల్నీ చుట్టేసి మొదటికి వస్తుంది.

దీని వెనక ఉన్నది మనం హైస్కూల్లో తిట్టుకుంటూ చేసిన గ.సా.భా. గరిష్ఠ సామాన్య భాజకం. ఈ మామూలు మెలికల ముగ్గులో వరుసలకీ, వరుసలోని చుక్కలకీ గ.సా.భా ఎంతో, అన్ని గీతలు పడతాయి. 3, 3 అయితే 3. 3, 4 అయితే 1. 4, 6 అయితే 2. కావాలంటే వేసి చూసుకోండి.

ఇప్పుడు ఫోటో దగ్గరికి వద్దాం. ఫోటోలో కనిపించినంత మేరా అమ్మమ్మది ఇదే మామూలు మెలిక. ఏఐ 5 వరుసలు, వరుసకి 5 చుక్కలు అంది. 5, 5 గ.సా.భా 5. అంటే ఆ ముగ్గుకి 5 వేరు వేరు గీతలు పడాలి. కానీ అమ్మ ఏమంది? ‘అమ్మది ఒకటే గీత కదా’ అంది. నాకూ గుర్తొచ్చింది. ముగ్గు వేసి నడుం పట్టుకుని లేస్తూ అమ్మమ్మ ‘ఒకటే గీతరా అబ్బాయ్, ఎక్కడ మొదలెట్టానో అక్కడికే వచ్చా’ అనేది. నేనా మాటని ఏదో పెద్దవాళ్ళ మాటలా విని వదిలేశాను. అది లెక్క! ఆ లెక్క ప్రకారం ఆ ముగ్గు 5, 5 అవ్వడానికి వీల్లేదు. ఫోటోలో కనిపించేవి 5 వరుసలే. ఇంకో వరుసో, రెండో, టైరు కింద ఉన్నాయన్నమాట.

ఆలోచించండి. ఫోటో నా దగ్గర ఉంది, యంత్రం నా దగ్గర ఉంది. రెండూ తప్పే చెప్పాయి. ఒక ముసలావిడ రోజూ అన్న ఒక్క మాట, అదీ అమ్మకి గుర్తుండబట్టి, నిజం పట్టించింది.

మరి ఏఐ పనికిరాదా?

అలా అనట్లేదు. అడగాల్సింది వేరు, అంతే. ‘ఇది చూసి ఇలాంటిది గియ్యి’ అని కాకుండా, ‘ఇందులో ఉన్న పద్ధతిని బయటికి తియ్యి’ అని అడగాలి. దానికి పని ఇలా ముక్కలు చెయ్యొచ్చు.

మొదట, ఏటవాలుగా తీసిన ఫోటోని పైనుంచి చూసినట్టు తిన్నగా చెయ్యాలి. డాక్యుమెంట్ స్కాన్ చేసే యాప్‌లు కాగితాన్ని సరిచేస్తాయి కదా, అలా. తర్వాత, తెల్లటి మచ్చల్లో చుక్కలేవో వెతకాలి. ఇక్కడ ఏఐ నిజంగా సాయం చేస్తుంది. ఎందుకంటే నేల గరుకుగా ఉంటుంది, పిండి చెదిరి ఉంటుంది, కోడి నడిచి ఉంటుంది. ఏది చుక్క, ఏది చెత్త అని చెప్పడానికి ట్రైనింగ్ కావాలి. ఆ తర్వాత, లావుగా ఉన్న గీతని సన్నబరిచి దారంలా చెయ్యాలి. చివరికి, పక్కపక్క రెండు చుక్కల మధ్య ప్రతి సందులోనూ ఒకే ప్రశ్న: ఇక్కడ గీతలు దాటాయా, దాటకుండా వెనక్కి తిరిగాయా?

అంతే. 6 వరుసలు, వరుసకి 5 చుక్కలున్న మెలికల ముగ్గులో అలాంటి సందులు 49. అడ్డంగా 24, నిలువుగా 25. అంటే 49 ప్రశ్నలకి అవును, కాదు అని జవాబు రాస్తే, ఆ ముగ్గు పోదు. ఫోన్లో ఫోటోకి కొన్ని ఎంబీలు కావాలి, దీనికి ఒక ఎస్సెమ్మెస్ చాలు. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ సైజులోనైనా మళ్ళీ వెయ్యొచ్చు. టైరు కింద ఎంత పోయిందో కూడా ఇలా రాస్తేనే నిజాయితీగా తెలుస్తుంది. తెలియని చోట ‘తెలియదు’ అని రాయొచ్చు కదా. తామరపూలు పెట్టి కప్పెయ్యక్కర్లేదు.

ఇంకో లెక్క కూడా వేశాను. 49 ప్రశ్నలకి ఒక్కోదానికి రెండు జవాబులు. అన్నీ కలిపితే ఎన్ని ముగ్గులు సాధ్యం? 5 కోట్ల కోట్లకి పైనే. కేవలం 30 చుక్కల్లో! కంప్యూటర్ అవన్నీ పుట్టించుకుంటూ కూర్చోగలదు. కాబట్టి కొత్త డిజైన్లు పుట్టించడం పెద్ద ఘనకార్యం ఏం కాదు. ఆ కోట్లలోంచి మా ఊళ్ళో, మా అమ్మమ్మ చెయ్యి ఏది ఎంచుకుంది? దాన్ని ఏమని పిలిచింది? ఎవరి దగ్గర నేర్చుకుంది? ఏ రోజున వేసేది? వీటికి జవాబు ఏ లెక్కలోంచీ రాదు. అడిగితేనే వస్తుంది. అడగాల్సిన మనిషి ఉండగా అడగాలి.

ముగ్గు ఒక్కటే కాదు

ఇదే సంగతి బట్టల దగ్గరా ఉంది. పోచంపల్లి చీర తీసుకోండి. మన దేశంలో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, మొదట్లో వచ్చినవాటిలో అదొకటి. ఆ డిజైన్ బట్ట మీద వేసేది కాదు. నెయ్యకముందే నూలుని కొలిచి, అక్కడక్కడా గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. అలా రంగు వేసిన నూలుని మగ్గం మీద పెట్టి నేస్తే డిజైన్ తేలుతుంది. అందుకే దాని అంచులు కొంచెం చెదిరినట్టు, అల అల్లాడినట్టు ఉంటాయి. రంగు నూలులోనే ఉంది కాబట్టి చీర తిరగేసినా డిజైన్ అంతే స్పష్టంగా ఉంటుంది.

ఇప్పుడు ఆ డిజైన్‌ని ఫోటో తీసి మామూలు బట్ట మీద ప్రింట్ కొట్టేసి అమ్ముతున్నారు. బొమ్మ మాత్రమే చూసే ఏఐకి రెండూ ఒకటే. తిరగేసిన వైపు కూడా చూపించి, నూలుని బాగా దగ్గర్నుంచి తీసిన ఫోటోలతో ట్రైనింగ్ ఇస్తే, ఏది నేసింది, ఏది ప్రింటు అని చెప్పడంలో సాయపడుతుంది. అంటే ఇక్కడ కూడా కాపాడాల్సింది ఆకారాన్ని కాదు, ఎలా తయారైందో దాన్ని. ఏఐ మనకి నేత కార్మికుడి పక్కన నిలబడి పనికొస్తుందా, ఆయన డిజైన్ కాపీ కొట్టేవాడి పక్కన నిలబడి పనికొస్తుందా అన్నది మనం దానికి ఏం నేర్పిస్తామో దాన్నిబట్టి ఉంటుంది.

కాబట్టి ఒక మాట. వేరేవాళ్ళ ముగ్గో, నేతో, కలంకారీ పనో షూట్ చేస్తుంటే ముందు అడగండి. వాళ్ళు ఒప్పుకుంటే పేరు రాయండి, వద్దంటే రాయకండి. పేరు లేకుండా ఇంటర్నెట్లోకి వెళ్ళిన డిజైన్ రేపు ఎవడి చీర మీదో, ఎవడి మొబైల్ కవర్ మీదో వస్తుంది. వేసినావిడకి ఆ సంగతి కూడా తెలియదు.

మనం చెయ్యగలిగింది

దీనికి మీరు కోడింగ్ నేర్చుకోనక్కర్లేదు. చేతిలో ఉన్న ఫోన్ చాలు.

ఒకటి, పూర్తయిన ముగ్గుని ఫోటో తియ్యడం కాదు, మొదటి చుక్క నుంచి వీడియో తియ్యండి. వీలైనంత పైనుంచి. అరుగు మీదో, మెట్టు మీదో నిలబడి తీస్తే చాలు. కళ్ళాపి తడి ఆరకముందు నేల నల్లగా ఉంటుంది, తెల్ల పిండి స్పష్టంగా కనిపిస్తుంది. చెయ్యి ఎటు తిరుగుతోందో కనిపించాలి. అసలు జ్ఞానం ఆ తిరగడంలోనే ఉంది.

రెండు, లెక్క అడిగి వీడియోలోనే చెప్పించండి. ఎన్ని చుక్కలు, ఎంత వరకు, సందు చుక్కా కాదా, ఎన్ని గీతలు. వాళ్ళు చెప్పే మాటల్లోనే, వాళ్ళ యాసలోనే ఉండనివ్వండి. మీరు సరిదిద్దకండి.

మూడు, పేరు అడగండి. ఆ ముగ్గుకి వాళ్ళింట్లో ఏ పేరుందో అదే రాయండి. ఎవరు నేర్పారు, ఏ ఊరు, ఏ పండక్కి. ఫైల్ పేరులోనే ఊరూ సంవత్సరం పెట్టండి. పదేళ్ళ తర్వాత వెతికేది మీరే.

నాలుగు, స్టేటస్ పెట్టి ఊరుకోకండి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, ముగ్గుకి కూడా అంతే ఆయుష్షు! ఒరిజినల్ వీడియోని రెండు చోట్ల దాచండి. ఇంట్లో పాత ముగ్గుల పుస్తకం ఉంటే ప్రతి పేజీ స్కాన్ చెయ్యండి.

ఐదు, మీరే ఒకసారి వెయ్యండి. అబ్బాయిలకి కూడా చెప్తున్నాను. మగపిల్లాణ్ణి కదా అని నాకెవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. ఆ నిర్లక్ష్యానికి నేను కట్టిన ఖరీదు ఆ సగం ఫోటో.

చివరికి ఏమైందంటే

5 వరుసలు కాదని తేలింది సరే, 6 వరుసలా 7 వరుసలా? 5, 6 గ.సా.భా ఒకటే, 5, 7 గ.సా.భా కూడా ఒకటే. లెక్క అక్కడితో ఆగిపోయింది. అమ్మని అడిగితే ‘ఏమోరా, నాకేం గుర్తు? పెళ్ళయి ఇక్కడికొచ్చాక అపార్ట్‌మెంట్లో స్టిక్కర్ ముగ్గులేగా’ అంది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఆఖరికి కొంచెం బియ్యప్పిండి గిన్నెలో పోసి ఇచ్చాను. ‘గుర్తు చేసుకోకమ్మా, ఊరికే వెయ్యి’ అన్నాను. బాల్కనీలో కూర్చుంది. పిండి చేతిలోకి తీసుకుని కాసేపు అలా ఉండిపోయింది. తర్వాత టకటకా చుక్కలు పెట్టేసింది. వరుసకి 5, 6 వరుసలు. పెట్టాక తనే లెక్కపెట్టుకుని ‘ఆరే’ అంది. నోటికి గుర్తులేనిది వేళ్ళకి గుర్తుంది. గీత మొదలుపెట్టి, మధ్యలో రెండుసార్లు తప్పి, చెరిపి, మూడోసారి తిన్నగా మొదలెట్టిన చోటికే వచ్చి ఆగింది. లేస్తూ తను కూడా నడుం పట్టుకుంది.

ఈసారి నేను మొదటి చుక్క నుంచి వీడియో తీశాను.

పెళ్ళికార్డు మీద అమ్మ వేసిన ముగ్గే పెట్టాం. కింద చిన్న అక్షరాల్లో ‘5 చుక్కలు, 6 వరుసలు, ఒకటే గీత’ అని వేయించాం. కార్డు డిజైన్ చేసినతను ఇదేంటి అని అడిగాడు. మా అమ్మమ్మగారి అడ్రస్ అని చెప్పాను.

రేపు పొద్దున మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరో ఒకరు ముగ్గు వేస్తారు. ఒక పది నిమిషాలు ముందు లేవండి. వీడియో తీశాక, వాళ్ళు చెప్పిన లెక్కా పేరూ కింద కామెంట్‌లో రాయండి, నేను తప్పకుండా కాగితం మీద వేసి చూస్తాను. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, నమస్తే.